దాలమ్మ చెయ్యి

అనగనగా ఒక కొండ. ఆ కొండకి ఒక గెడ్డ, కొండవాగన్నమాట. ఆ గెడ్డకి ఒక ఊరు. కొండ లేకపోతే గెడ్డలో నీళ్ళు లేవు, గెడ్డలో నీళ్ళు లేకపోతే ఊళ్ళో పొయ్యి లేదు. ఈ సంగతి ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఏలే రాజుకి తెలీదు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. మండినా చెప్తాను, మీరు ఊ కొట్టండి.

కొండ పేరు గడ్డికొండ. పేరుకు తగ్గట్టే దానిమీద చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ. మొలలోతు గడ్డి. వానలప్పుడు పచ్చగా ఉండేది, ఎండలకి పండిపోయి తుప్పురంగు తిరిగేది. ఆ గడ్డి కోసుకొచ్చి కింద ఊటవలస వాళ్ళు ఇళ్ళు కప్పుకునేవారు. ఆ గడ్డి వేళ్ళలో దాగిన వాననీరు ఏడాది పొడుగునా మూడు ఊటల్లోంచి కారేది. పై ఊట, నడి ఊట, కింది ఊట. మూడూ కలిస్తే గెడ్డ. ఎంత కరువొచ్చినా గెడ్డ ఆగింది లేదు.

ఆ ఊటవలసలో దాలమ్మ అని ఒక ముసలామె. మొగుడు పోయాడు, కడుపున పుట్టినవాళ్ళు లేరు. ఊరి చివర, గెడ్డ పక్కన ఒక గుడిసె. మనిషి పిడికెడు, నోరు మాత్రం గంపెడు. కాకి అరిస్తే కాకిని తిట్టేది. వాన ఆలస్యమైతే మబ్బుని తిట్టేది. పొద్దున్నే ఆమె తిట్టు వినబడితే, ఆహా తెల్లారింది అనుకుని జనం లేచేవారు.

అంత కోపం ఎందుకంటే, దానికో కారణం ఉంది. విత్తనానికి చెయ్యి ముఖ్యం అని మనవాళ్ళ నమ్మకం కదా. కొందరి చెయ్యి మంచిది, గుల్ల గింజ వేసినా మొలుస్తుంది. కొందరి చెయ్యి మంచిది కాదు. దాలమ్మ చిన్నప్పుడు పెట్టిన ఆనపగింజ మొలవలేదు. కాపురానికి వచ్చిన ఏడు ఆమె వరినాట్లు ఊడ్చిన మడికి తెగులు తగిలింది. అంతే, ముద్ర పడిపోయింది. దాలమ్మ చెయ్యి మంచిది కాదు. విత్తనాల రోజున ఆమెని పొలం గట్టు ఎక్కనివ్వరు. ఊడ్పుల రోజున ఎదురు రానివ్వరు. కలుపు పీకడానికి పిలుస్తారు. గడ్డి కొయ్యడానికి పిలుస్తారు. ఏటా ఎండల్లో గెడ్డ సన్నబడితే, తాగేనీళ్ళకి పై ఊట దగ్గర చెలమ తోడడానికి పిలుస్తారు. చెలమ అంటే తెలుసుగా, తడిమట్టిని చేత్తో గీకి గొయ్యి తీస్తే అందులో నీరు ఊరుతుంది. దాలమ్మ వేళ్ళు పెట్టి గీకితే నీళ్ళు ఊరేవి. ఊరంతా ఆ నీళ్ళే తాగేది. నీళ్ళు తెచ్చే చెయ్యి చెడ్డదెలా అవుతుందని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, అడగలేదు.

పక్క గుమ్మంలో ఆమె తోడికోడలు అప్పయ్యమ్మ, దాలమ్మని అప్పా అని, అంటే అక్కా అని పిలిచేది. ఈవిడది ఊళ్ళోకెల్లా మంచి చెయ్యి. ఊడ్పుల్లో మొదటి మొక్క ఈవిడే పెట్టాలి. మంచి మనిషే పాపం. పండగనాడు దాలమ్మ గుమ్మంలో గిన్నెడు పాయసం పెట్టి పోయేది, కానీ తన విత్తనాల బుట్ట మాత్రం ఆమె కంట పడనిచ్చేది కాదు.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం రాజు వేటకొచ్చాడు. వెంట పొరుగు రాజు. గడ్డి పండిపోయి కొండంతా వెలవెలబోతోంది. పొరుగు రాజు చూసి పకపకా నవ్వాడు.

"ఏం బావా, నీ కొండకి గుండు గీయించావేం? మొక్కేమైనా ఉందా?"

అంత మాటకే మన రాజుకి తల కొట్టేసినట్టయింది. జనం తిండి లేక మాడినప్పుడు కొట్టెయ్యని తల అది! దివానుని పిలిచాడు. దివాను చేతులు నలుపుకుంటూ చెప్పాడు. "ప్రభూ, సముద్రం అవతలనుంచి ఒక చెట్టు వచ్చింది. నిటారుగా పెరుగుతుంది. పశువు ముట్టదు, ఎండకి వాడదు, ఎప్పుడు చూసినా పచ్చగా ఉంటుంది. కొండంతా నాటిద్దాం. కొండకి కాపలా పెడదాం."

మర్నాడు ఊటవలసలో డప్పు మోగింది. "ఇయాల్టినుంచీ గడ్డికొండ రాజుగారి కాపుదల కొండ! పశువు ఎక్కకూడదు! కొడవలి ఎక్కకూడదు! రాజుగారి మాట లేకుండా మడిసి ఎక్కకూడదు!"

దాలమ్మ గుడిసెలోంచి బయటికొచ్చింది. "ఒరే, ఆగరా. కొండని కాపాడతారా? ఎవుల్నుంచి రా?"

"నాకేటి తెలుసప్పా," అన్నాడు డప్పువాడు. "కొట్టమన్నారు, కొడతన్నాను."

ఎవరినుంచి కాపాడతారు? తాతముత్తాతలనాటినుంచి ఏటా గడ్డి కోసి, ఏటా ఊటల్లో పూడిక తీసి, ఆ కొండని బిడ్డలా సాకిన వాళ్ళనుంచట! సిగ్గుండాలి.

కొండమీది గడ్డికి నిప్పు పెట్టారు. వేళ్ళు పెళ్ళగించారు. వానలు పడగానే మొక్కలు నాటడానికి ఊరిని పిలిచారు. కూలికి గింజలన్నారు. ఆ ఏడు పంట అంతంతమాత్రం, అందరూ వెళ్ళారు. వాళ్ళని నేను తప్పుపట్టను, కడుపు ఎవరి మాటా వినదు. కానీ వాళ్ళొక పని చేశారు. ఊటవలస వాళ్ళు తప్ప లోకంలో ఎవరూ చెయ్యని పని. ఆ రాజుగారి మొక్కల్ని కూడా తమ వరిమొక్కల్లాగే నాటారు. ఊరిపెద్ద లచ్చుంనాయుడు అందరి కుడిచేతులకీ పసుపు రాశాడు. ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు.

"పసుపు సేత్తో నాటింది పీకకూడదు, నరకకూడదు. పీకితే ఆ సెయ్యి పడిపోద్ది."

ఒకడి పంట ఒకడు పాడుచెయ్యకుండా పెద్దలు పెట్టిన మాట అది. మంచి మాటే. దాన్ని పట్టుకెళ్ళి దొరగారి చెట్టుకి కట్టారు.

దాలమ్మ కూడా కొంగు బిగించి వచ్చింది. గింజలు ఆమెకీ కావాలి కదా. అప్పయ్యమ్మ ఎదురొచ్చింది.

"అప్పా, నువ్వు రాకు. నీ సెయ్యి మంచిది కాదు. మొక్క సచ్చిపోనాదంటే రాజుగారు మా పీకలు తీసేత్తాడు."

"నా సెయ్యి తగిల్తే సచ్చిపోయే మొక్క ఉంటే ఎంత, పోతే ఎంతే?" అని అరిచింది దాలమ్మ. జనం మొక్కలబుట్టలెత్తుకుని కొండెక్కారు. ఆమె పై ఊట దగ్గరికి పోయి, చెలమలో చెయ్యి పెట్టి, ఊళ్ళో ఒక్కొక్కర్నీ పేరుపేరునా తిట్టింది. తిట్లు అయిపోయాక ఏడిచింది. చెలమలో నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. ఆ గెడ్డ ఒక్కటే ఆమెని ఏనాడూ నీ చెయ్యి మంచిది కాదనలేదు.

చెట్లు పెరిగాయి. అప్పయ్యమ్మ చేతి మహిమో, ఆ చెట్టు మొండితనమో, ఒక్కటీ చావలేదు. జనం వాటిని దొరచెట్లు అన్నారు. వాటికింద గడ్డి మొలవలేదు. వాటి ఆకు మేక ముట్టలేదు. వాటి కొమ్మమీద పిట్ట వాలలేదు. కొండ మాత్రం పచ్చగా ఉంది. దూరంనుంచి చూసినవాళ్ళు ఆహా ఓహో అన్నారు.

మొదటి ఏడు పై ఊట ఎండింది. దాలమ్మ గెడ్డలో కుండ నింపుకుని, నెత్తిన పెట్టుకుని, కోటకి నడిచింది. ద్వారంలో ఆపితే ఆమె తిట్టిన తిట్లకి కాపలావాళ్ళే చెవులు మూసుకుని దారిచ్చారు. రాజు ముందు కుండ దించింది.

"బాబూ, సెట్లు వొచ్చినాయి, నీల్లు ఎల్లిపోతన్నాయి. ఈ నీల్లు సూడండి, బురద."

రాజు చూడలేదు. "వానలు సరిగ్గా లేవు," అన్నాడు. "కొండ కాపుదల్లో ఉంది. పో."

రెండో ఏడు నడి ఊట ఎండింది. దాలమ్మ కుండెత్తుకుంది. ఈసారి సగమే నిండింది.

"బాబూ, సెట్లు వొచ్చినాయి, నీల్లు ఎల్లిపోతన్నాయి."

"మీరే ఎక్కువ తోడేస్తున్నారు," అన్నాడు దివాను. "కొండ కాపుదల్లో ఉంది. పో."

మూడో ఏడు కింది ఊట ఎండింది. గెడ్డలో ఇసక మిగిలింది. దాలమ్మ వట్టి కుండ ఎత్తుకుంది. వట్టి కుండ నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చే ఆడదాన్ని చూసి దారిలో జనం పక్కకి తప్పుకున్నారు.

"బాబూ, సెట్లు వొచ్చినాయి, నీల్లు ఎల్లిపోనాయి."

రాజు కిటికీ తెరిపించాడు. "అటు చూడు. కొండ పచ్చగా ఉందా లేదా?"

"ఉంది బాబూ."

"మరి ఏడుపెందుకు?"

దాలమ్మ కిటికీలోంచి కొండని చూసి, రాజువైపు తిరిగింది.  

"పచ్చగుంటే? ఆ పచ్చన గిన్నెలోకి ఒంపుకుని తాగుతామేటి బాబూ? తవరు తాగుతారేటి?" కుండ ఎత్తి రాజు కాళ్ళముందు నేలకేసి కొట్టింది. పెంకులు సింహాసనం కిందికి దొర్లాయి. ఆమెని మెడపట్టి గెంటేశారు. గెంటుతూ వాళ్ళన్నది కూడా అదే మాట. కొండ కాపుదల్లో ఉంది.

ఆమె ఊరికి వచ్చేసరికి ఊళ్ళో మూటలు కడుతున్నారు. కోళ్ళని గంపల కింద పెట్టారు. తలుపులు ఊడదీసి బళ్ళమీద వేస్తున్నారు. లచ్చుంనాయుడు తల దించుకుని చెప్పాడు.

"ఊరు లేచిపోతంది వదినా. సముద్రం ఒడ్డుకి పోయి ఉప్పుమళ్ళల్లో కూలి సేసుకుంటాం. నీల్లు నేని కాడ ఏటి సేస్తాం?"

"పోవడానికి కాల్లొచ్చినాయి గాని, ఆ సెట్లు పీకడానికి సేతులు రానేదా?"

"పసుపు సేత్తో నాటినాం కదా వదినా. పీకితే సెయ్యి పడిపోద్ది."

దాలమ్మ వాళ్ళందర్నీ చూసింది. మంచి చేతులవాళ్ళు. మంచి చేతులు ముడుచుకుని నిలబడ్డారు. ఆమెకి అప్పుడొచ్చిన కోపం రాజుమీద కూడా రాలేదు.

"మీ నమ్మకాలకి నిప్పెట్టా! నన్నిన్నాల్లు గట్టు ఎక్కనివ్వనేదు. విత్తనం ముట్టుకోనివ్వనేదు. సెడ్డసెయ్యి, సెడ్డసెయ్యి అన్నారు. ఇపుడు సూడండి, మీ అందరి సేతులూ కట్టేసి ఉన్నాయి. నా సెయ్యి ఒక్కటే ఇడిగా ఉంది. నాను దొరసెట్టు ఒక్కటీ నాటనేదు. నాను పీకుతాను. ఈ గెడ్డ ఒదిలీసి నానెక్కడికీ రాను."

గడ్డికోత కొడవలి నడుముకి దోపుకుని కొండెక్కింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా ఎక్కింది. దొంగతనమా ఏమన్నానా?

పై ఊట చుట్టూ మొదలుపెట్టింది. చిన్న మొక్కని చేత్తో పీకింది. పెద్ద చెట్టుకి మొదట్లో చుట్టూ బెరడు గీకేసింది. బెరడు చుట్టూతా పోతే ఎంత చెట్టయినా నిలబడే ఎండుతుంది. ఒక్కో చెట్టుకీ ఒక్కో తిట్టు. "నీ వేరు మాడిపోనూ. నీ దాహం తగలెయ్యా. నీకు మా గెడ్డే దొరికిందే?" ఆ తిట్లు కిందికి, ఊళ్ళోకి వినబడ్డాయి. మూటలు కట్టేవాళ్ళు కాసేపు ఆగి విని, మళ్ళీ కట్టుకున్నారు.

మొదటిసారి కావలివాళ్ళు వచ్చి కొడవలి లాక్కున్నారు. "కొండ కాపుదల్లో ఉంది," అన్నారు. ఆమె పదునుగా ఉన్న రాయి ఏరుకుని, దాంతో గీకింది.

రెండోసారి వచ్చి కర్రలతో కొట్టి కిందికి ఈడ్చారు. "కొండ కాపుదల్లో ఉంది," అన్నారు. ఆమె తెల్లారేసరికి మళ్ళీ పైనే ఉంది.

మూడోసారి వచ్చి ఆమె కుడిచెయ్యి బండమీద పెట్టించి, కర్రమొదలుతో వేళ్ళు చితక్కొట్టారు. ముసలిదాని చెయ్యి! నీళ్ళకోసం మట్టి గీకిన చెయ్యి! కొట్టినవాళ్ళు ఎక్కడివాళ్ళో కాదు, పక్క ఊళ్ళవాళ్ళే, ఆ గెడ్డ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళే. అప్పుడు కూడా అదే మాటన్నారు.

దాలమ్మ ఎడంచేత్తో పీకింది.

కొన్నాళ్ళకి, బళ్ళు కదలాల్సిన పొద్దున ఊళ్ళో ఏదో తేడాగా ఉంది. ఎద్దులు మెడలెత్తి చూస్తున్నాయి. కుక్కలు అరవడం లేదు. ఏమిటో ఎవరికీ తెలియలేదు. అప్పయ్యమ్మకి తెలిసింది. చేతిలో మూట జారిపోయింది.

"ఓలమ్మో, అప్ప తిట్టు ఇనబళ్ళేదు."

అందరూ కొండెక్కారు. మూడేళ్ళుగా కూలికి తప్ప ఎక్కని కొండ. పై ఊట చుట్టూ దొరచెట్లు నిలువునా ఎండుముఖం పట్టాయి. వాటి మధ్య నేలమీద, ఎప్పటెప్పటి వేళ్ళలోంచో, గడ్డి పోచలు తలెత్తాయి. దాలమ్మ చెలమ పక్కన బోర్లా పడి ఉంది. చితికిన కుడిచెయ్యి ఛాతీకింద ఉంది. ఎడంచెయ్యి మణికట్టుదాకా చెలమలో ఉంది. ప్రాణం లేదు. చెలమలో దోసెడు నీళ్ళున్నాయి.

ఆమెని కిందికి మోసుకొచ్చారు. పీనుగకి స్నానం చేయించాలి. ఎవరింట్లోనూ కడవెడు నీళ్ళు లేవు. గెడ్డ పేరు చెప్పుకుని బతికిన ఊరు, చచ్చిన మనిషికి నీళ్ళు పొయ్యలేకపోయింది. ఆ సిగ్గు ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. అప్పయ్యమ్మ మళ్ళీ కొండెక్కి, చెలమలోని దోసెడు నీళ్ళూ ముంతలో పట్టి తెచ్చింది. ఆ నీళ్ళతో దాలమ్మ చితికిన చెయ్యి ఒక్కటీ కడిగింది. వేలు వేలూ విడదీసి కడిగింది.

తర్వాత లేచి దాలమ్మ గుడిసెలోకి వెళ్ళింది. పొయ్యిమీది కుండ దించి బోర్లించి, అడుగున ఉన్న మసిని కుడి అరచేత్తో గట్టిగా రుద్దింది. పసుపు పూసుకునే చెయ్యి, ఊరందరికీ మొదటి మొక్క పెట్టే చెయ్యి నల్లగా అయింది. బయటికొచ్చి ఎత్తి చూపించింది.

"పసుపు సెయ్యి కదా పీకకూడదు. ఇది పసుపు సెయ్యి కాదు. ఇది మా అప్ప సెయ్యి. పడిపోతే పడిపోనీ."

 లచ్చుంనాయుడు ముందుకొచ్చాడు. ఊరికి పసుపు రాసిన ముసలాయన కుడిచెయ్యి చాపాడు. అప్పయ్యమ్మ తన చేతిమసి ఆయన చేతికి రాసింది. ఆయన ఇంకొకరికి రాశాడు. ఆ కుండ మసి ఊరందరికీ సరిపోయింది.

పాడె మోసుకుని గడ్డికొండ ఎక్కారు. పై ఊట దగ్గరే ఆమెని మట్టి చేశారు. వెంటనే పని మొదలుపెట్టారు. ఆడామగా అందరూ పీకారు, బెరళ్ళు గీకారు. దాలమ్మ తిట్లు ఎవరికి గుర్తున్నవి వాళ్ళు తిట్టారు. నోరెత్తని కోడళ్ళు కూడా తిట్టారు. కావలివాళ్ళు కర్రలతో పరిగెత్తుకొచ్చారు. కొండంతా నల్లచేతులు. దాలమ్మ చెయ్యి చితక్కొట్టినవాడు ముందు నిలబడ్డాడు. అప్పయ్యమ్మ తన మసిచెయ్యి తీసుకెళ్ళి అక్కడే బండమీద పెట్టింది.

"కొట్టు. దీన్నీ కొట్టు. తర్వాత మీ అమ్మ సెయ్యి కూడా తెత్తాను, కొడుదువుగాని."

వాడు కర్ర పారేశాడు.

దివాను గుర్రమెక్కి వచ్చాడు. "ఎవడి పని ఇది?" అని గర్జించాడు. ఊరంతా అరచేతులెత్తి చూపించింది.

"దాలమ్మ సెయ్యి సేసింది బాబూ."

"ఆ ముసలిది చచ్చింది కదా?"

"సచ్చింది బాబూ. ఇదుగో సెయ్యి."

రాజు అందరి చేతులూ నరికించమన్నాడట. దివాను చెవిలో, మరి కోతలెవరు కోస్తారు ప్రభూ, తమ పల్లకీ ఎవరు మోస్తారు అన్నాడట. రాజు నోరు మూసుకున్నాడు. న్యాయం తెలిసి కాదు, పల్లకీ ఆగిపోతుందని.

నీళ్ళు మర్నాటికే వచ్చేశాయని చెప్తే మీకు బాగుంటుంది. రాలేదు. ముందు గడ్డి వచ్చింది. గడ్డి మొలలోతు ఎదిగాక కింది ఊట చెమ్మగిల్లింది. ఇంకొన్నాళ్ళకి నడి ఊట. అన్నిటికంటే ఆఖర్న పై ఊట. అప్పటిదాకా ఊటవలస వాళ్ళు ఎక్కడెక్కడినుంచో కావిళ్ళతో నీళ్ళు మోసుకుని బతికారు. ముందే బండి కట్టి పోయినవాళ్ళు కొందరు ఇక తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళ పునాదులు ఇప్పటికీ ఉన్నాయి.

చేతులు మాత్రం ఎవరివీ పడిపోలేదు.

ఆ రాజు పేరేమిటని అడుగుతారు మీరు. నాకు తెలీదు. మా అమ్మమ్మకీ తెలీదు, ఆమెకి చెప్పినవాళ్ళకీ తెలీదు. దాలమ్మ పేరు తెలుసు.

ఆ దొరచెట్టు గింజ మొండిది, ఇప్పటికీ ఎక్కడో ఒకచోట మొలుస్తూనే ఉంటుంది. అందుకని ఏటా ఏరువాకకి ముందు ఊటవలస వాళ్ళు కుండమసి కుడిచేతికి రాసుకుని గడ్డికొండ ఎక్కుతారు. ముందు పై ఊటలో పూడిక తీసి చెలమ తోడుతారు. తర్వాత దొరమొక్కలు ఏరి, నోరారా తిడుతూ పీకుతారు. ఆ ఒక్క రోజూ ఎవరు ఎవర్ని తిట్టినా తప్పులేదు. మసి కడుక్కోకుండానే దిగొచ్చి, ఆ చేత్తోనే మొదటి విత్తనం వేస్తారు. ఆడపిల్ల పుడితే అరచేతిలో మసిబొట్టు పెట్టి, దాలమ్మ సెయ్యి రావాలి తల్లీ, అంటారు. చెయ్యి మంచిది కాదు అనే మాట ఆ ఊళ్ళో ఎవరి నోటా రాదు.

ఇంకొకటుంది. ఎప్పుడైనా తెల్లబట్టలవాళ్ళు బండి దిగి, మీ కొండని ఇకనుంచి మేం కాపాడతాం అన్నారనుకోండి. ఊటవలస ముసలమ్మలు కుర్చీ వేస్తారు, చెంబుతో గెడ్డనీళ్ళిస్తారు. వాళ్ళు తాగేదాకా ఆగుతారు. తాగాక, పొయ్యిమీది కుండ దించి బోర్లించి, అడుగుమీద చెయ్యి రుద్దుకుంటూ మెల్లిగా అడుగుతారు.

"ఎవుల్నుంచి బాబూ?"

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఇది పోదు. ఏటా ఒకసారి కొండెక్కి దిగుతుంది.